శనివారం తుడిచిన కార్డులు

"అమ్మా, హాల్లో పెట్టిన నల్ల సంచి ఏది?"

సలోమి ఆ మాట అడగడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ జవాబు వచ్చింది గానీ ఆమె చెవికెక్కలేదు. సూర్యకుమారి పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా, ఉప్మా కలుపుతూ, అదే ఓపికతో మళ్ళీ చెప్పింది.

"నాన్నగారు పట్టుకెళ్ళారని చెప్తున్నానుగదే. ఇవ్వాళ ఆదివారం. చర్చికి కెమెరాలు వెళ్ళొద్దా?"

వెళ్ళాలి మరి. ఆ కెమెరాలు చర్చివే. సంఘం వాళ్ళు కానుకలు కూడబెట్టి కొన్నవి. వాటి పెత్తనం పన్నెండేళ్ళుగా సలోమి తండ్రి సువార్తరాజు గారిది. దొంగల భయమని వారమంతా ఇంట్లోనే పెట్టుకుంటాడు. సోమవారం నుంచి శనివారం దాకా అవే కెమెరాలతో ఆయన కూతురు సినిమా తీస్తోందన్న సంగతి కెనడాలోని ఈ బ్రాంప్టన్ తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక్క నరపురుగుకి కూడా తెలియదు.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్న చంద్రిక కాఫీ కప్పు కింద పెట్టింది. సినిమాకి డైరెక్టరు ఆమె. నిన్నటి సీను కళ్ళారా చూసుకుందామని పొద్దున్నే వాటర్లూ నుంచి గంటసేపు డ్రైవ్ చేసుకొచ్చింది. తీరా హార్డ్‌డిస్కు తెరిస్తే అందులో శుక్రవారం దాకానే ఉంది. శనివారం లేదు.

"మెమరీ కార్డులు ఆ సంచిలో ఉన్నాయా?" అంది చంద్రిక.

"ఉన్నాయి. నాన్న దగ్గరే కదా, ఎక్కడికి పోతాయి?" అంది సలోమి. ఆ ధైర్యం తనకి కాదు, చంద్రికకి చెప్పింది.

"అది కాదు నా క్వశ్చన్. కాపీలు ఎందుకు లేవు? రెండు డిస్కుల్లో పడేదాకా కార్డు ముట్టుకోకూడదని ఫస్ట్ డే అందరం కూర్చుని అనుకున్నాం. కార్డుల పని ఎవరిది?"

తలుపు దగ్గర నిలబడ్డ సంజయ్ తల వంచుకున్నాడు. ముప్పయ్యేళ్ళ మనిషి, సలోమికి కెమెరా సహాయకుడు. గిడ్డంగిలో రాత్రి షిఫ్టు దిగి, చంద్రిక ఫోన్ చేస్తే బస్సెక్కి నేరుగా వచ్చాడు. ఒంటిమీద అక్కడి పచ్చ జాకెట్టు ఇంకా అలాగే ఉంది. బూట్లకున్న మంచు కరిగి గుమ్మంలో మడుగు కట్టింది.

"నీదే కదా సంజయ్?"

"నాదే మేడం."

"మరి?"

సంజయ్ తలెత్తి సలోమి వైపు చూశాడు.

చూడడానికి కారణం ఉంది. నిన్న సాయంత్రం ఐదింటికి షూటింగ్ అయిపోయాక అతను లాప్‌టాప్ తెరిచి కాపీ మొదలుపెట్టబోతుంటే, "షిఫ్టుకి లేటవుతుంది, నువ్వెళ్ళు, నేను ఇంటికెళ్ళి చేసుకుంటాలే" అని పంపించేసింది సలోమి. ఇంటికొచ్చింది. సంచి హాల్లో పెట్టింది. స్నానం చేసి పది నిమిషాలు నడుం వాల్చింది. ఆ పది నిమిషాలూ తెల్లారేదాకా సాగాయి.

ఆ ముక్క చెప్పడానికి ఒక్క క్షణం చాలు. సలోమి నోరు పెగల్లేదు.

పదేళ్ళు పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు షూట్ చేసిన మనిషి ఆమె. సినిమాకి కెమెరా పట్టుకోవడం ఇదే మొదలు. చంద్రిక ముందు టొరంటోలో ఇంకెవరినో అనుకుంది. కెమెరాలు సొంతంగా తెచ్చుకుంటానని సలోమి అన్నాకనే ఒప్పుకుంది. కెమెరాతో పాటు అలవాటు లేని చెయ్యి కూడా వచ్చిందని ఆమె అనుకుంటే? ఆ భయం ఒక్కటే నాలుక్కి అడ్డం పడింది. భయం కాస్తా మౌనమైంది. మౌనం ఎంత పొడుగైతే నోరు విప్పడం అంత కష్టం.

"ఆన్సర్ మీ, సంజయ్."

"సారీ మేడం. ఇంకోసారి కాదు."

"ఇంకోసారా!" చంద్రిక లేచి నిలబడింది. "నిన్న ఏం జరిగిందో తెలుసా నీకు? నువ్వు అక్కడే ఉన్నావుగా. కాంతం గారు నేను రాసిన డైలాగు పక్కన పెట్టేసి, తన సొంత కూతురి గురించి మాట్లాడారు. తొమ్మిదేళ్ళుగా ఆ అమ్మాయి మాంట్రియల్ నుంచి ఫోన్ చెయ్యలేదని. పదకొండు నిమిషాలు. కట్ చెప్పాక ఏమన్నారు?"

ఏమన్నారో అందరికీ తెలుసు. డెబ్భై ఆరేళ్ళ రిటైర్డు డాక్టరమ్మ, జన్మలో కెమెరా ముందుకు రాని మనిషి, కళ్ళజోడు తుడుచుకుని, "దీన్ని మళ్ళీ చెయ్యమని మాత్రం అడక్కండి అమ్మా, నావల్ల కాదు" అంది. ఆ సీను లేకపోతే సినిమాకి ముగింపు లేదు.

"ఆ కార్డులకి ఏమన్నా అయ్యుంటే టైటిల్స్‌లో నీ పేరుండదు. రిఫరెన్స్ లెటర్ కూడా ఇవ్వను. ఐ మీన్ ఇట్."

సంజయ్ మళ్ళీ సలోమి వైపు చూడలేదు. అలా చూడకపోవడమే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

ఇదంతా వింటూ సూర్యకుమారి పొయ్యి కట్టేసింది. గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది.

"కార్డులంటే ఆ చిన్న చిన్న బిళ్ళలేనా? వాటికేం, బానే ఉన్నాయి. రాత్రి అన్నం తిన్నాక నాన్నగారు ఎప్పట్లాగే బల్ల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. అద్దాలు తుడిచారు, బ్యాటరీలు ఛార్జింగు పెట్టారు, కార్డులు ఖాళీ చేశారు, సంచి మీద చెయ్యేసి ప్రార్థన చేసుకుని పడుకున్నారు."

"ఏం చేశారు?" అంది సలోమి.

"ప్రార్థన."

"అంతకుముందు!"

"ఖాళీ చేశారే. ప్రతి శనివారం చేసేదేగా. ఆదివారం ఆరాధనకి కార్డులు శుభ్రంగా ఉండాలంటారుగా ఆయన."

అది పన్నెండేళ్ళ అలవాటు. గడియారం చూడకుండానే ఆయన చేతులకి శనివారం తెలుస్తుంది. కిందటి రెండు శనివారాలూ ఆయన తువ్వాలు పరిచేసరికే కాపీలు అయిపోయి ఉన్నాయి గనక ఆ సంగతే ఎవరికీ తట్టలేదు. అంతా తుడుచుకుపోయింది. తుడిచినాయన ప్రార్థన కూడా చేశాడు.

చంద్రిక ఏదో అనబోయి ఆగిపోయింది. పెద్దావిడ ముందు అనలేని మాట అయ్యుంటుంది.

"నేనేమన్నా అనకూడనిది అన్నానా?" అంది సూర్యకుమారి, ముగ్గురి మొహాలూ చూసి.

"లేదు ఆంటీ," అన్నాడు సంజయ్. తర్వాత సలోమితో, "అక్కా, తుడిస్తే తుడిచిన్రు. వాటి మీద మళ్ళ ఏం రికార్డు చెయ్యకుంటే తిరిగొస్తయి. బ్యాగుల ఉన్న నా లాప్‌టాప్‌ల సాఫ్ట్‌వేర్ ఉంది. మీద ఇంకోటి పడ్డదంటే మాత్రం ఇగ రాదు" అన్నాడు.

నలుగురూ గోడ గడియారం వైపు చూశారు. తొమ్మిదింబావు. ఆరాధన పదిన్నరకి. పదింటికి పాటలవాళ్ళు సరిచూసుకునేటప్పుడే రాజు గారు రెండు కెమెరాలూ ఆన్ చేసి పరీక్షగా రికార్డు నొక్కుతాడు.

సలోమి ఫోన్ చేసింది. మోగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది.

"చర్చిలోకి ఫోన్ తీసుకెళ్ళరు, కార్లోనే పెట్టేస్తారు. పాస్టరు గారికి చెయ్యి," అంది సూర్యకుమారి.

"ఏమని చెప్పనమ్మా పాస్టరు గారికి?"

తల్లి గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. చెప్పకూడనిదేమిటో ఆవిడకీ తెలుసు. పోయినేడు సంఘంలోని షెర్లీ వాళ్ళు కూతురి నిశ్చితార్థానికి ఈ కెమెరాలే అడిగితే, సంఘం వస్తువు సొంత పనికి ఇవ్వకూడదని మొహమ్మీదే చెప్పి, ఆ మాటని రూలుగా రాయించి, చర్చి తలుపుకి అంటించింది ఎవరో కాదు, సువార్తరాజు గారే. షెర్లీ అప్పట్నుంచీ ఆయన్ని చూస్తే మొహం తిప్పుకుంటుంది. కన్న కూతురు అడిగేసరికి ఆ రూలు ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి.

కార్లో సలోమి పక్కన సంజయ్ కూర్చున్నాడు. చంద్రిక తన కార్లో వెనకాలే వస్తోంది. రోడ్డు పక్కన తోసిన మంచు నల్లబడి గట్టుల్లా ఉంది. ఆదివారమైనా లారీల వరస తగ్గలేదు.

రెండు సిగ్నళ్ళు దాటారు.

"తిట్టవేం సంజయ్?" అంది సలోమి.

"ఎందుకు తిడత అక్కా?"

"చెప్పి ఉండాల్సింది నేను."

"అవును," అన్నాడు అతను.

అతను కాదంటాడని ఆమె ఆశపడింది. అనలేదు.

"నాకు కోపం లేదక్కా. ఉన్నదల్లా భయమే. ఈ పని చేసేటోళ్ళు ఇక్కడ ఎంతమంది? అందరికందరు తెలుసు. సంజయ్ కార్డులు పోగొట్టిండని ఒక్క మాట బయటికి పోతే, ఇగ నన్నెవరు పిలుస్తరు? టైటిల్స్‌ల ఈ ఒక్క పేరు చూపించే ఇంకో పెద్ద సినిమాకి అప్లై చేసిన. ఈ గోడౌన్ జాకెట్టు ఇప్పేద్దామనుకున్న."

"చెప్తాను. కార్డులు చేతికి రానీ. చంద్రికకి నేనే చెప్తాను."

సంజయ్ తలూపాడు. ఆ ఊపులో నమ్మకం ఉందో మర్యాద ఉందో ఆమెకి తెలియలేదు.

చర్చి అంటే గోపురమూ గంటా ఉన్నది కాదు. లారీలు నిలిపే పెద్ద స్థలం వెనక, టైర్ల కొట్టుకీ సరుకుల గోడౌనుకీ మధ్య అద్దెకి తీసుకున్న పొడుగాటి హాలు. సలోమి లోపలికి అడుగుపెట్టేసరికి పదికి ఎనిమిది నిమిషాలు. కుర్చీలు సగం నిండాయి. ముందు వరసలో తెల్ల బట్టల్లో ఏడుగురు కూర్చున్నారు. వేదిక పక్కన బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు నింపుతున్నారు.

వెనక గోడ దగ్గర పెద్ద కెమెరా పక్కన సువార్తరాజు గారు బూడిదరంగు సూటులో నిలబడి ఉన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు. ఓవర్‌కోటు కుర్చీ వీపుకి వేలాడుతోంది. కూతుర్ని చూసి ఆయన మొహం విప్పారింది. సలోమి చర్చికి వచ్చి ఏడాదైంది.

"వచ్చావా అమ్మా! ప్రార్థన ఆలకించాడు దేవుడు."

"నాన్నా, రికార్డు నొక్కారా?"

"ఇదిగో, ఇప్పుడే. ఆ పిల్లలు పాట ఎత్తుకోగానే."

"నొక్కకండి."

ఆమె గొంతు తగ్గించి రెండు మాటల్లో చెప్పింది. నిన్నటి సీను ఆ కార్డుల్లోనే ఉంది. కాపీ లేదు. ఆయన హెడ్‌ఫోన్లలో ఒకటి చెవి మీంచి పక్కకి జరిపి విన్నాడు. వినడం అయ్యేసరికి పక్కనున్న కుర్చీ పట్టుకున్నాడు.

"నేనే తుడిచేశానా?"

"మీకు తెలీదు కదా నాన్నా. ఇప్పుడు తీసేస్తే మళ్ళీ వస్తాయట. కార్డులు ఇచ్చెయ్యండి."

"ఇచ్చేసి?" ఆయన ముందు వరస వైపు చూశాడు. "ఇవ్వాళ బాప్తిస్మాలు సలోమీ. ఏడుగురు. వాళ్ళ వాళ్ళందరూ వీడియో పంపమని ఇండియాలో కాచుక్కూచున్నారు. వేరే కార్డులు లేవు నా దగ్గర. కొట్లు పదకొండుకి గానీ తియ్యరు. రికార్డింగు ఎందుకు లేదని పాస్టరు గారు అడిగితే ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పండి."

"ఏమని? నా కూతురికి సినిమాకిచ్చానని చెప్పనా? షెర్లీ అదుగో, మూడో వరసలో కూర్చుని ఉంది."

వేదిక మీద గిటారు కుర్రాడు "అంకుల్, రెడీనా?" అని చెయ్యి ఊపాడు. సువార్తరాజు గారి బొటనవేలు ఎర్ర బటన్ మీదకి వెళ్ళి అక్కడే ఆగింది. నొక్కనూ లేదు, తియ్యనూ లేదు.

సంజయ్ ఆగలేదు. తండ్రీకూతుళ్ళు తేల్చుకునేలోపే పక్క గోడ దగ్గరున్న రెండో కెమెరా మూత తెరిచి కార్డు తీసేశాడు. తిన్నగా వచ్చి, "మాఫ్ చెయ్యిండ్రి అంకుల్" అని, ఆయన వేలి కిందనుంచే మొదటి కెమెరా మూత లాగి రెండోదీ తీశాడు. పచ్చ జాకెట్టు హాల్లో అందరికీ కనబడింది.

తొట్టి దగ్గర మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని నిలబడ్డ పాస్టరు డేవిడ్‌సన్ గారికీ కనబడింది. ఆయన బూట్లు చప్పుడు చేసుకుంటూ ఇటు వచ్చాడు.

"ఎవరు బాబూ నువ్వు? మా కెమెరాల్లోంచి ఏం తీస్తున్నావు?"

సంజయ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కార్డులు పిడికిట్లో ఉన్నాయి.

"రాజు గారూ, ఎవరండీ ఇతను?"

సువార్తరాజు గారు సంజయ్‌ని చూడలేదు. కెమెరా వైపే చూస్తూ, ప్రార్థన చేసే గొంతుతోనే అన్నాడు.

"ఎవరో మరి. నాకు తెలీదండి."

మూడు వారాలుగా రోజూ వాళ్ళింట్లో భోంచేసిన మనిషి సంజయ్. చేప ముళ్ళు తియ్యడం చాతకాదని వెక్కిరిస్తూ, తన చేత్తో ముళ్ళు ఏరి అతని కంచంలో పెట్టింది ఈయనే. బైబిల్లో ప్రభువు గురించి ఇదే మాట ఏ శిష్యుడు అన్నాడో, పొద్దున కోడి కూసేలోపు ఎన్నిసార్లు అన్నాడో, ఈ హాల్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

"వాటిని అక్కడ పెట్టెయ్ బాబూ," అన్నాడు పాస్టరు మెత్తగానే. "పెట్టి వెళ్ళిపో. మేమెవరికీ ఫోన్ చెయ్యం."

సంజయ్ పిడికిలి విప్పలేదు. సలోమి వైపు చూశాడు. వంటింట్లో చూసినట్టే చూశాడు.

నాన్న పరువు ఒక పక్క, ఈ మనిషి పేరు ఒక పక్క. ఆమెకి ఆలోచించే వ్యవధి లేదు. ఉంటే మళ్ళీ ఊరుకునేదేమో.

"పాస్టరు గారూ, ఇతను దొంగ కాదండి. పేరు సంజయ్. మాతో పనిచేస్తాడు. మూడు వారాల్నుంచి ఈ కెమెరాలతో మేం సినిమా తీస్తున్నాం. నాన్న ఇచ్చారు. ఆ కార్డుల్లో మా సీనుంది."

షెర్లీ మెడ తిప్పి చూసింది. తలుపు దగ్గర చంద్రిక నిలబడి ఉండడం సలోమికి అప్పుడే కనబడింది. మొదలుపెట్టాక ఆపడం కుదరలేదు.

"చంద్రికా, నిన్న కాపీ చెయ్యొద్దని ఇతన్ని పంపించేసింది నేను. నేను చేస్తానని చెప్పి పడుకుండిపోయాను. పొద్దున నోరు మూసుకుని నిన్ను ఇతన్ని తిట్టనిచ్చాను. ఇతని తప్పు ఏమీ లేదు."

చంద్రిక ఆఖరి వరసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుండిపోయింది.

పాస్టరు గారు రాజు గారి వైపు ఒకసారి చూశాడు. తర్వాత సలోమితో, "కార్డులు పట్టుకెళ్ళమ్మా. కెమెరాలు మాత్రం ఇక ఇక్కడే ఉంటాయి" అన్నాడు.

ఇంకా తొమ్మిది రోజుల షూటింగు ఉంది. సలోమి తలూపింది.

సంజయ్ అప్పటికే లాప్‌టాప్ తెరిచి మూల బెంచీ మీద కూర్చున్నాడు. తెర మీద నిన్నటి ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. ఆమె తండ్రి దగ్గరకి వెళ్ళింది. ఆయన హెడ్‌ఫోన్లు తీసి, వైరు చుట్టి, కుర్చీలో పెట్టాడు. జేబులోంచి కెమెరా సంచి తాళం తీసి దాని మీద పెట్టాడు.

"నాన్నా..."

"నేనే చెప్పేవాణ్ణమ్మా," అన్నాడు ఆయన. "నోరు జారింది. దిద్దుకునేవాణ్ణి. ఒక్క నిమిషం ఆగి ఉంటే నేనే చెప్పేవాణ్ణి."

చెప్పేవాడా? సలోమి ఆయన కళ్ళలోకి చూసింది. తెలియలేదు. ఆయనకీ తెలియదేమో. ఆ నిమిషాన్ని మాత్రం ఆమె తీసేసుకుంది. ఇక ఎవరూ దాన్ని తిరిగి ఇవ్వలేరు.

ఆయన తలుపు తోసుకుని బయటికి నడిచాడు. తన కారు దాటిపోయాడు. లారీల మధ్య నుంచి పెద్దరోడ్డు వైపు, వట్టి సూటుతో, ఆ చలిలో. ఓవర్‌కోటు తీసుకుని సలోమి గుమ్మంలోకి పరుగెత్తి పిలిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.